ఎండకు బిల్లు ఎవరు కడతారు?



గోదావరి డెల్టాలో ఎకరం చేను మీద ఒక రోజులో పడే ఎండను కరెంటు మీటరు లెక్కన చెప్పుకుంటే సుమారు 20,000 యూనిట్లు. నడివేసవిలో ఇంకా ఎక్కువ, శ్రావణ భాద్రపదాల ముసురులో కాస్త తక్కువ. యూనిట్ ఆరు రూపాయలు కట్టినా రోజుకు 1,20,000 రూపాయల సరుకు. సార్వా వరి నాలుగున్నర, ఐదు నెలలు నేల మీద ఉంటుంది. అన్ని రోజులూ ఆ సరుకు పైనుంచి దిగుతూనే ఉంటుంది. రైతు ఖర్చుల పుస్తకం తిరగేయండి. విత్తనం, దమ్ము, ఊడ్పు, కలుపు, ఎరువు, పురుగుమందు, కోత, కౌలు, అన్నీ కనిపిస్తాయి. ఎండ పద్దు మాత్రం ఎవరూ రాయరు. రాయాల్సిన అవసరం రాలేదు.

ఆ పద్దు రాయక తప్పని వ్యవసాయం ఒకటి వచ్చింది. నగరం నడిబొడ్డున భవనం కట్టి, అరల మీద అరలు పేర్చి, మట్టి లేకుండా, ఎల్ఈడీ దీపాల కింద, ఏసీ గాలిలో పంట తీయడం. వర్టికల్ ఫార్మింగ్ అంటున్నారు. మనం అంతస్తుల సాగు అనుకుందాం. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వైపు చదువుకున్న పిల్లల నోట ఈ మాట తరచూ వినబడుతోంది. "తాతయ్య చేను పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతాం నాన్నా? వెయ్యి గజాల్లో పది అంతస్తులు లేపి, అంతస్తుకు పదేసి అరలు పెడితే ఇరవై ఎకరాల పంట" అని కుర్రాళ్లు అంటున్నారు. గజాలు, ఎకరాల వరకు ఆ లెక్కలో తప్పు లేదు. వెయ్యి గజాలను వందతో గుణిస్తే ఇరవై ఎకరాలు నిజంగానే వస్తాయి. నేల దొరికింది సరే, ఆ ఇరవై ఎకరాలకీ ఎండ ఎక్కడి నుంచి తెస్తారన్నదే ఇవాళ్టి మన ముచ్చట.

ఈ ఆలోచనకు ఊపు వచ్చింది న్యూయార్క్‌లో. కొలంబియా విశ్వవిద్యాలయంలో పరాన్నజీవుల గురించి, ప్రజారోగ్యం గురించి పాఠాలు చెప్పే డిక్సన్ డెస్పోమియే అనే ఆచార్యుడు 1999లో తన విద్యార్థులకు ఓ పని అప్పజెప్పాడు. మన్‌హాటన్‌లోని మేడలన్నిటి మీదా పంట వేస్తే ఎంతమందికి తిండి పెట్టొచ్చో తేల్చమన్నాడు. పిల్లలు కష్టపడి లెక్క కట్టి, అక్కడి జనాభాలో నూటికి ఇద్దరికి మించి సరిపోదని తేల్చారు. పైకప్పు చాలకపోతే భవనం లోపలికే పంటను తెద్దామన్నాడాయన. 2010లో ఆ ఆలోచనతో పుస్తకం రాశాడు. ఆ తర్వాత పదేళ్లు ప్రపంచమంతా ఆ మాటే. సింగపూర్‌లో 2012లో స్కై గ్రీన్స్ అనే సంస్థ తొమ్మిది మీటర్ల ఎత్తు చట్రాల్లో ఆకుకూరల తొట్లు పెట్టి, నీటి బలంతో వాటిని పైకీ కిందికీ నెమ్మదిగా తిప్పింది. దుబాయిలో 2022లో బుస్తానికా అనే భారీ కేంద్రం తెరిచారు. ఏడాదికి పది లక్షల కిలోల ఆకుకూరలు తీస్తామన్నారు. మన హైదరాబాద్‌లోనూ విహారి కానుకొల్లు, ఆయన మిత్రులు కలిసి అర్బన్ కిసాన్ పేరుతో నిలువు అరల్లో, నీళ్లలో ఆకుకూరలు పెంచి, అమ్మే దుకాణంలోనే పెరుగుతున్న మొక్కను కొనేవాడికి చూపించారు. మెచ్చుకోవాల్సిన పనే.

ఇక్కడో సంగతి గమనించండి. సింగపూర్ అయినా, దుబాయి అయినా, హైదరాబాద్ అయినా పండించింది ఆకులే. లెట్యూస్, పాలకూర, తులసి జాతి ఆకులు, నాలుగంగుళాలు పెరగగానే కోసేసే మొలకకూరలు. వరి, మినుము, కొబ్బరి, అరటి వాళ్లలో ఎవరూ పండించలేదు. కారణం చేతకాకపోవడం కాదు. 2020లో సెంతోల్డ్ అసెంగ్ అనే శాస్త్రవేత్త బృందం గోధుమ మీద లెక్క కట్టింది. పది అరల భవనంలో, దీపాల కింద, ఏడాదికి ఐదు పంటల చొప్పున తీస్తే హెక్టారు నేల మీద 700 టన్నుల నుంచి 1,940 టన్నుల దాకా గోధుమ రావచ్చని తేల్చింది. ప్రపంచ సగటు హెక్టారుకు 3.2 టన్నులే. అంటే రెండు వందల రెట్లకు పైమాటే! అదే వ్యాసంలో వాళ్లే మరో మాటా రాశారు. దీపాలకయ్యే కరెంటు, భవనానికయ్యే పెట్టుబడి చూస్తే ఇప్పటి ధరల్లో ఇది గిట్టుబాటు కాదని. మొదటి మాట పత్రికలకెక్కింది. రెండోది అంతగా ఎక్కలేదు.

వరికి మన లెక్క మనం వేసుకుందాం. కిలో బియ్యంలో దాగి ఉన్న శక్తి నాలుగు యూనిట్ల చిల్లర. కరెంటును ఎల్ఈడీ దీపం వెలుగుగా మార్చేటప్పుడు ఇంచుమించు సగం వేడిగా పోతుంది. మొక్క మీద పడ్డ వెలుగులో నూటికి ఐదారు పాళ్లు గడ్డీగింజా అయితే గొప్ప. అందులో సగం గడ్డి. ఇంతకంటే ఎంత ఉదారంగా లెక్క వేసినా కిలో బియ్యానికి దీపాలకే వంద యూనిట్లు దాటుతుంది. నిజంగా పండించబోతే అంతకు రెండు మూడు రెట్లు. ఏసీ ఖర్చు వేరే. మొక్కలు ఆకుల్లోంచి వదిలే తేమను గదిలోంచి బయటికి తోడే యంత్రం ఖర్చు మళ్లీ వేరే. యూనిట్ ఆరేడు రూపాయల చొప్పున కిలో బియ్యం తక్కువలో తక్కువ ఏడొందలు పడుతుంది. రేషన్ కార్డుకు కాదు గదా, పెళ్లి విందుకు కూడా ఆ బియ్యం ఎవరూ కొనరు.

మేడ మీద సోలార్ పలకలు పెట్టుకుంటే కరెంటు ఉచితమే కదా అంటారు మన కుర్రాళ్లు. సోలార్ పలక తన మీద పడ్డ ఎండలో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటుతో మళ్లీ దీపం వెలిగించి మొక్కకు చూపించాలి. ఆకుకూరల అరకైతే ఆ అర విస్తీర్ణానికి కనీసం రెండింతల పలకలు కావాలి. వరికైతే ఐదారింతలు. వంద అరల భవనం కట్టినవాడు తన మేడకు రెండొందల రెట్ల జాగాలో పలకలు పరవాలి. ఆ జాగా ఎక్కడుంటుంది? ఏ మండపేట చేలలోనో, ఏ తణుకు చేలలోనో. చేను మీద ఎండను పలకతో పట్టి, తీగలో పంపి, దీపంలో వెలిగించి, మొక్కకు అందించడం ఎందుకు? ఆ చేలోనే మొక్క నాటితే పోదా!

పెట్టుబడి పెట్టిన సంస్థలకు ఈ లెక్క ఆలస్యంగా తెలిసొచ్చింది. అమెరికాలో పేరుమోసిన ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. బవరీ ఫార్మింగ్ 2024 నవంబరులో మూతపడింది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా దరఖాస్తు పెట్టుకుంది. తొంభై శాతానికి పైగా తిండి దిగుమతి చేసుకునే సింగపూర్, 2030కల్లా తన అవసరాల్లో ముప్పై శాతం సొంతంగా పండించుకోవాలని 2019లో పెట్టుకున్న లక్ష్యాన్ని 2025లో పక్కన పెట్టేసి, 2035కు వేరే లక్ష్యాలు రాసుకుంది. డబ్బున్న దేశం, నేల లేని దేశం, పట్టుదలున్న ప్రభుత్వం. అక్కడే అంత తేలిక కాలేదు.

అయితే ఈ సాగును తేలిగ్గా కొట్టిపారేయడం కూడా మనవాళ్లకు తగదు. ఎడారిలో దానికి అర్థం ఉంది. భవనంలో అదే నీరు తిరిగి తిరిగి మొక్కకు అందుతుంది కాబట్టి చేలో కంటే ఎన్నో వంతులు తక్కువ నీళ్లు చాలు. దుబాయిలో ఆ నీళ్లకు బంగారం విలువ. మనకు 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ కాలవ నీళ్లున్నాయి. పది లక్షల ఎకరాలు ఆ నీటి మీద నడుస్తున్నాయి. మన బాధ నీళ్లు తక్కువై వచ్చేదే కాదు, ఎక్కువై కూడా వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను కొబ్బరి చెట్లను లక్షల్లో నేలకూల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు చేలల్లో ఈనిన వరి పడిపోయింది. మురుగు కాలవలు లాగక, ధర గిట్టక విసిగిపోయి 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామమే ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. అలాంటి రైతుకు ఎవరైనా వచ్చి "నాలుగు గోడల మధ్య పంట, వాన తడపదు, గాలి పడెయ్యదు" అంటే చెవి ఒగ్గడా?

ఒగ్గుతాడు. కానీ తుఫాను వస్తే ముందు పోయేది కరెంటు. 1996లో కోనసీమలో స్తంభాలు నిలబెట్టి మళ్లీ దీపం వెలిగించడానికి ఎన్ని రోజులు పట్టిందో పెద్దవాళ్లను అడగండి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. మట్టిలో ఉన్న వేరు ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది. గొట్టంలో పారే నీటి మీద బతికే వేరు, మోటారు ఆగిన కొన్ని గంటల్లోనే వాడిపోతుంది. జనరేటరు ఉందిగా అంటారేమో. పది అంతస్తుల దీపాలకు డీజిలు పోసి చూడండి.

ఇంతకీ అంతస్తుల సాగు మనకు కొత్తేం కాదు. అంబాజీపేట వైపు ఏ పాత కొబ్బరి తోటలోకైనా మధ్యాహ్నం పూట వెళ్లి నిలబడండి. మండువేసవిలోనూ లోపల చల్లగానే ఉంటుంది. తలెత్తి చూస్తే యాభై అడుగుల పైన కొబ్బరి కమ్మలు. వాటి సందుల్లోంచి ఎండ నాణేల్లా నేల మీద పడి, గాలి వీచినప్పుడల్లా చోటు మారుతూ ఉంటుంది. కొన్ని తోటల్లో కొబ్బరి మాను మీదికి మిరియం తీగ పాకి ఉంటుంది. కింద అరటి. అరటి పక్కన తల ఎత్తుకు పైగా కోకో. కోకో చెట్టును మొదటిసారి చూసినవాళ్లు తప్పకుండా ఆగుతారు. కొమ్మ చివర పూసి కాసే చెట్లే మనకు అలవాటు. కోకోకు పువ్వు మాను బెరడులోంచే పుడుతుంది, కాయ మానుకే అతుక్కుని వేలాడుతుంది. కాయ పండితే జాతిని బట్టి పసుపో, నారింజో. ఇక నేల మట్టాన కంద, పసుపు, చేమ, అనాస. పాదాల కింద రాలిన కోకో ఆకు మెత్తగా, పొరలు పొరలుగా. అది కుళ్లి మళ్లీ ఎరువవుతుంది.

లెక్క చూస్తే నాలుగైదు అంతస్తులు. దీపం లేదు, మీటరు లేదు. పై అంతస్తు వాడుకోగా మిగిలిన ఎండ కింది అంతస్తుకు, అక్కడ మిగిలింది నేల మీది కందకు. ఒకే సూర్యుణ్ణి అందరూ పంచుకుంటారు. భవనంలో ఏ అంతస్తు సూర్యుణ్ణి ఆ అంతస్తు వేరేగా కొనుక్కోవాలి.

ఈ పంపకానికి శాస్త్రం కూడా ఉంది. కాసరగోడ్‌లోని కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థకు చెందిన నెలియాట్, బావప్ప, నాయర్ అనే శాస్త్రవేత్తలు 1974లో కొబ్బరి తోటల్లో బహుళ అంతస్తుల సాగు అనే పద్ధతిని ప్రపంచానికి వివరించారు. డెస్పోమియే తన తరగతిలో ఆ ప్రశ్న వేయడానికి పాతికేళ్ల ముందు మాట ఇది. వాళ్లు చూపించింది ఏమిటంటే, కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం చెట్టు మొదలుకు రెండు మీటర్ల లోపే ఉంటాయి. చెట్టుకూ చెట్టుకూ ఏడున్నర, ఎనిమిది మీటర్లు ఎడం ఇస్తాం కాబట్టి తోటలో నాలుగింట మూడొంతుల నేల కొబ్బరికి అక్కర్లేకుండా ఖాళీగా పడి ఉంటుంది. ఎండ విషయంలో తోట వయసు ముఖ్యం. నాటిన ఏడెనిమిదేళ్ల వరకు నేలంతా వెలుగే, అరటీ కూరగాయలూ వేసుకోవచ్చు. ఆ తర్వాత పాతికేళ్ల వయసు వచ్చేదాకా మట్టలు తక్కువ ఎత్తులో పరుచుకుని నీడ చిక్కగా ఉంటుంది, కింద ఏది వేసినా సన్నగిల్లుతుంది. పాతికేళ్లు దాటి మాను పైకి సాగాక ఎండ ఏటవాలుగా లోపలికి దిగుతుంది. కోకో లాంటి నీడ పంటలకు అదే అదను.

ఇలాంటి తోటకు కావలసిన సరంజామా మన జిల్లాల్లోనే తయారైంది. అంబాజీపేట పరిశోధన కేంద్రం గంగబొండాన్నీ, మన దేశవాళీ నెట్టెనూ కలిపి గోదావరి గంగ అనే సంకర రకాన్ని ఇచ్చింది. కొవ్వూరు కేంద్రం నుంచి గజేంద్ర కంద వచ్చింది. పాత రకాల కందలా నోరు దురదపెట్టదు కాబట్టి దేశమంతటా పాకింది. కూర అరటిలో కొవ్వూరు బొంత పేరు వినని వంటింటి మనిషి ఈ ప్రాంతంలో ఉండరు.

అంతా సవ్యంగా ఉందని చెప్పను. కొన్నేళ్లుగా సర్పిలాకార తెల్లదోమ కొబ్బరిని పట్టి పీడిస్తోంది. కమ్మల అడుగున చేరి రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. పై వాటాలో ఉన్నవాళ్లు నీళ్లు ఒలకబోస్తే కింది వాటా వాళ్ల గోడలు చెమ్మెక్కినట్టు, ఆ జిగురంతా కింద ఉన్న అరటి, కోకో, కంద ఆకుల మీద కారుతుంది. దాని మీద నల్లటి మసి బూజు పుడుతుంది. ఆకు నల్లబడితే ఎండ అందదు, ఎండ అందకపోతే కాయ నిలవదు. పురుగుమందు కొట్టబోతే యాభై అడుగుల పైకి అందదు, అందినా కింద ఉన్న అన్ని పంటల మీదా పడుతుంది. అందుకే అంబాజీపేట వాళ్లు ఆ దోమను చంపే ఇసారియా అనే శిలీంద్రాన్ని, దాని గుడ్లను తినే మిత్రపురుగులను పెంచి రైతులకు ఇస్తున్నారు. ఓపికతో వాడినవాళ్లకు మేలు కనబడుతోంది.

ధర సంగతి ఇంకో బెడద. ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో కోకో గింజలు కిలో వెయ్యి రూపాయల దరిదాపులకు వెళ్లాయి. మరుసటి ఏడాది సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు. అంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది, దాన్ని ఎక్కువమంది పైకి అనరు. డెల్టాలో నేల దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. కోకో నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి, మిరియానిదీ అదే వరస. ఏడాది కౌలు కాగితం కూడా చేతిలో లేని మనిషి నాలుగేళ్ల చెట్టు ఎందుకు నాటుతాడు? కింది అంతస్తులు ఖాళీగా ఉన్న తోటలు చూసినప్పుడు రైతుకు తెలివి లేదనుకుంటాం. ఆ తోట కాగితాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బహుళ అంతస్తుల సాగు పెరగాలంటే పది కొత్త పథకాల కంటే పదేళ్ల కౌలు ఒప్పందం ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

మరి భవనంలో, దీపాల కింద పెంచడం ఎప్పుడూ దండగేనా? కాదు. కొన్ని చోట్ల అదే సరైన పని, మనం ఎప్పటి నుంచో వాడుకుంటున్నాం కూడా. గ్రాండ్ నైన్ అరటి మొక్కలు తెచ్చుకునే టిష్యూ కల్చర్ ప్రయోగశాలలో ఎప్పుడైనా అడుగు పెట్టారా? చెప్పులు విడిచి, గౌను తొడుక్కుని లోపలికి వెళితే ఏసీ గదిలో ఇనుప అరలు, అర మీద అర, ప్రతి అరకూ పైన దీపాలు. సీసాల్లో జిగురు మీద అగ్గిపుల్లంత అరటి మొలకలు. పాతిక డిగ్రీల చలువ, రోజుకు పదహారు గంటల వెలుగు. అచ్చమైన అంతస్తుల సాగు అది. అక్కడ గిట్టుబాటవుతోంది. సరుకును కిలోల లెక్కన కాకుండా మొక్క లెక్కన అమ్ముతారు కాబట్టి. ఆ చిన్న మొలకలో ఉన్న ఎండ చిటికెడు. అమ్మేది తెగులు లేని పుట్టుక. ఇక గెల బరువంతా రావులపాలెం చేలో ఉచితంగా పడే ఎండే మోస్తుంది.

విత్తన పరిశోధన కూడా అలాంటిదే. వశిష్ఠ, మషూరి రకాలను కలిపి మార్టేరు కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి దేశంలో ఎన్ని రాష్ట్రాలకు అన్నం పెట్టిందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి రకం ఒకటి తయారు కావాలంటే తరం తర్వాత తరం పండించి చూస్తూ ఏళ్లు గడపాలి. ఇప్పుడు పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో, వారణాసిలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కేంద్రంలో దీపాల గదుల్లో పైరును తొందరగా పూతకు తెచ్చి, ఏడాదిలో నాలుగైదు తరాలు దాటిస్తున్నారు. గింజ కిలోకు వెయ్యి రూపాయలు పడితే మాత్రం ఏమి? ఆ గింజ తినడానికి కాదు.

ఇంకొకటి పుట్టగొడుగు. దానికి అసలు ఎండతో పని లేదు. నిరుడు చేలో పడ్డ ఎండ వరిగడ్డి రూపంలో ఇప్పటికే కట్టలు కట్టి ఉంది కదా, దాన్ని తిని బతుకుతుంది. చాలాచోట్ల ఆ గడ్డిని మనం చేలోనే తగలబెడుతున్నాం. గడ్డిని రెండు మూడంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, వేడినీళ్లలో శుద్ధి చేసి, గుప్పెట పట్టి పిండితే నీటిబొట్టు రాలనంత వరకు నీడలో ఆరబెట్టాలి. పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం వేసుకుంటూ పోయి, చిల్లులు పెట్టి, చీకటి గదిలో తాళ్లకు ఒకదాని కింద ఒకటి వేలాడదీయాలి. పదిహేను ఇరవై రోజుల్లో సంచి తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు సంచి చీల్చి, రెండు పూటలా నీళ్లు చిలకరిస్తే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులుగా వస్తాయి. కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి కిలో దాకా దిగుబడి. వేసవిలో రాజమండ్రి వేడికి ముత్యపు చిప్ప ఆగదు, పాల పుట్టగొడుగు వేసుకోవాలి. మన ఉక్కపోతే ఈ పంటకు పెట్టుబడి. రెండు జాగ్రత్తలు చెప్పాలి. విప్పారిన పుట్టగొడుగు పొడి ఊపిరితిత్తులకు పడదు, గుడ్డ కట్టుకోకుండా గదిలోకి వెళ్లకండి. కోసింది రెండో రోజుకే వాడుతుంది, కొనేవాడిని ముందు చూసుకున్నాకే సంచి కట్టండి.

పాడి ఉన్నవాళ్లకూ ఒక మాట. అరల్లో మొక్కజొన్న మొలకెత్తించి వారం రోజుల్లో పచ్చిమేత చేసే యంత్రాలు అమ్ముతున్నారు. కిలో గింజకు ఏడెనిమిది కిలోల మేత అంటారు, అబద్ధం కాదు. పెరిగినదంతా నీళ్ల బరువు. ఎండబెట్టి తూస్తే వేసిన గింజ కంటే కాస్త తక్కువే తూగుతుంది. పచ్చిమేత బొత్తిగా దొరకని చోట ఉపయోగమే గానీ, గట్టు మీద గడ్డి మొలిచే ఊళ్లో దానికి లక్షలు పొయ్యడం దండగ.

పట్నంలో అపార్టుమెంటు వాళ్ల మాటేమిటి? భవనానికి ఉచితంగా ఎండ దొరికే అంతస్తు ఒక్కటే, అన్నిటికంటే పైది. హైదరాబాద్ శివారు నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారు ఇంటి మీద ఏళ్ల తరబడి కూరగాయలు, పండ్లు పండించి, మిద్దెతోట అనే మాటను తెలుగు ఇళ్లలో నిలబెట్టారు. ఆయన్ను చూసి మొదలుపెట్టినవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మొదలుపెట్టే ముందు బరువు చూసుకోండి. ఇంటి శ్లాబును చదరపు మీటరుకు 150, 200 కిలోల అదనపు బరువుకు లెక్క వేసి కడతారు. అడుగు లోతు తడి మట్టి అయిదొందల కిలోల దాకా తూగుతుంది. మడులు దూలాల మీదుగా, స్తంభాల దగ్గర పెట్టుకుని, మట్టిలో కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు దండిగా కలపండి. ఆ పొట్టు కోనసీమ పీచు మిల్లుల దగ్గరే దొరుకుతుంది. నేల లేకుండా పండిస్తామనే విదేశీ కేంద్రాల్లో మట్టికి బదులు వాడేది కూడా చాలాచోట్ల ఈ కొబ్బరి పొట్టే. కడియం నర్సరీల్లో ట్రేలలో నారు పోసేదీ దీంట్లోనే. గోడ వెంట పందిరి వేసి దొండ, కాకర, ఆనప పాకించుకుంటే పైన తీగ, కింద నీడలో పుదీన, మేడ మీదే రెండంతస్తులు. అపార్టుమెంటులో మేడ అందరిదీ కాబట్టి ముందు అసోసియేషన్ వాళ్లను ఒప్పించుకోండి. చీడపీడల కంటే అదే పెద్ద పని అని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు.

గోదావరి జిల్లాల్లో తోటకూర కట్ట, గోంగూర కట్ట లంక భూముల నుంచి తెల్లారేసరికి రైతుబజారుకు చేరుతున్నంత కాలం, దీపాల కింద పెంచిన ఆకు ఇక్కడ పోటీకి నిలవదు. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి, భవనంలో పంట తీద్దాం, పెట్టుబడి పెట్టండి, లేదా ఈ చేను అమ్మి వాటా తీసుకోండి అంటే, రంగుల బొమ్మలు పక్కన పెట్టమనండి. కిలో పంటకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఇప్పటికే నడుస్తున్న కేంద్రం ఉంటే అక్కడి పన్నెండు నెలల కరెంటు బిల్లులు చూపించమనండి. చూపించలేకపోతే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించండి. కొబ్బరి తోట ఉన్నవాళ్లు మాత్రం ఈ సార్వా అయ్యేలోగా ఒకసారి అంబాజీపేట పరిశోధన కేంద్రానికో, మీ ఊరి ఉద్యాన అధికారి దగ్గరికో వెళ్లండి. తోట వయసు ఎంతో, చెట్టుకూ చెట్టుకూ ఎడం ఎంతో చెప్పి, కింద ఖాళీగా ఉన్న అంతస్తుల్లో ఏమి వేసుకోవచ్చో అడిగి తెలుసుకోండి. తోట కౌలుకిచ్చిన ఆసాములు కనీసం ఐదేళ్లకు కాగితం రాసివ్వండి.